థిన్నర్‌లో ముంచిన బొటనవేలు

మా వాడకట్టులో ఎవరు ఎదురొచ్చినా ఇప్పుడు నా ముఖం చూడరు, ముందు నా కుడిచేతి బొటనవేలు చూస్తారు. "వచ్చిందా?" అంటారు. వచ్చిందని వేలెత్తి చూపిస్తాను. మొన్న మా వెనక వీధిలో ఒక కొత్త పెళ్లికూతురు గుమ్మంలో కూర్చొని, గోళ్ల మీది మెరిసే రంగును పళ్లతో పట్టి పీకుతుంటే చూశాను. ఆ పిల్ల చేయి పట్టుకుని ఆపి, నాకు జరిగిందంతా చెప్పాను. సగం వినీ వినక "గోరే కదా అత్తా" అని నవ్వింది. గోరే. నేనూ అట్లాగే అనుకున్నాను. అది నవ్వినందుకే కూర్చొని రాస్తున్నాను.

నా పేరు సుజాత. మాది ఎల్లారెడ్డి. పదకొండేళ్ల వయసు నుంచి బీడీలు చేస్తున్నాను. బీడీ చేయడం చూడనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టడం ఎవరైనా నేర్చుకుంటారు. చుట్టిన బీడీ నోరు మూయడంలోనే ఉంది పనితనమంతా. బొటనవేలి గోటి కొసతో ఆకు అంచును లోపలికి ఒత్తాలి. కొందరు చిన్న ఇనుప ముక్కతో ఒత్తుతారు. నాకు మాత్రం నా గోరే పనిముట్టు. నోరు సరిగా మూసుకోని బీడీని కార్ఖానాలో తీసుకోరు, ఏరి పక్కన పారేస్తారు.

జ్యేష్ఠ మాసంలో తాడ్వాయిలో మా మరిది కూతురి పెళ్లి జరిగింది. మా అమ్మాయి అఖిల కామారెడ్డిలో ఒక బ్యూటీ పార్లర్‌లో పని చేస్తుంది, అక్కడే హాస్టల్లో ఉంటుంది. ఇరవై ఏళ్ల పిల్ల. చేయి కుదురైనదని అప్పుడే పేరు తెచ్చుకుంది. పెళ్లికి ముందురోజు నన్ను కూర్చోబెట్టి, పది గోళ్లకూ ఎర్రటి జెల్ రంగు వేసి, చిన్న లైటు పెట్టెలో వేళ్లు పెట్టించి ఆరబెట్టింది.

"ఇది మామూలు రంగు కాదమ్మా, ఇరవై రోజులు చెక్కుచెదరది. నువ్వు మాత్రం గీకకు. నేనే వచ్చి తీస్త," అని మరీ మరీ చెప్పింది.

పెళ్లిలో ఆడవాళ్లంతా నా చేయి పట్టుకుని చూశారు. బీడీలు చేసే చేతులా ఇవి అన్నారు. గర్వపడ్డాను, అబద్ధమెందుకు. ఆ రెండు రోజులు అన్నం కూడా వేళ్లు చాపుకుని తిన్నాను.

తిరిగొచ్చి బీడీల చాట ఒళ్లో పెట్టుకోగానే తెలిసొచ్చింది. గోరు మందమైపోయింది, కొస నున్నగా జారుతోంది. ఆకు అంచు లోపలికి పోవడం లేదు. మూడో రోజు కార్ఖానాలో బీడీలు చూసే ఆయన నా కట్టలు విప్పి, అందరి ముందూ అన్నాడు. "ఏందమ్మా సుజాతా, అన్నీ నోర్లు తెరుస్తున్నయి. చెయ్యి పెండ్లిలనే ఇడిసిపెట్టి వచ్చినవా?" ఇన్నేళ్లలో నా బీడీలకు వంక పెట్టినవాళ్లు లేరు. తల కొట్టేసినట్టయింది.

అఖిల పార్లర్‌కు మంగళవారం సెలవు. వారంలో ఆ ఒక్కరోజే ఇంటికి వస్తుంది. ఆ మంగళవారం రంగు తీసే సామానంతా సంచిలో వేసుకుని వచ్చింది. దూది, మందు సీసా తీసి పెట్టేసరికి మా అత్తమ్మ అడ్డం వచ్చింది.

"మంగళారం గోర్లు ముడుతరా ఎవలన్న? గదేం పని? ఇయ్యాల వద్దంటె వద్దు."

"గోర్లు తీసుడు కాదే నాయనమ్మ, రంగు తీసుడు," అంది అఖిల.

"గోరు మీదిది గోరు కాదానే?"

అఖిల నా వైపు చూసింది. మంగళ, శుక్రవారాల్లో గోళ్లు ముట్టుకోకూడదని నేనూ చిన్నప్పటి నుంచి విన్నదాన్నే. మనసులో పీకింది. "వచ్చే వారం తీద్దువులేవే," అన్నాను.

"వచ్చే వారం నేను వచ్చేది గూడ మంగళారమే కదనే అమ్మా!"

ముగ్గురం పగలబడి నవ్వాం. అఖిల సామాను సంచిలో సర్దుకుని సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది.

మర్నాడు నేను చేసిన పని ఇది. మా ఆయన సాయిలు ఇళ్లకు రంగులేస్తాడు. రంగు వదిలించే థిన్నర్ సీసా ఎప్పుడూ వసారాలో ఉంటుంది. అఖిల తీసేది కూడా ఏవో మందు నీళ్లతోనే కదా అనుకున్నాను. స్టీలు గిన్నెలో థిన్నర్ పోసి వేళ్లు ముంచాను. భగభగ మండింది. మండితేనే వదులుతుందని పళ్లు బిగబట్టి కూర్చున్నాను. ఆ తర్వాత ఆకు కత్తిరించే కత్తెర కొసతో ఒక్కో పెచ్చు లేపాను. పెచ్చుతో పాటు నా గోటి పొరలు కూడా లేచి వస్తున్నాయని నాకు తెలియలేదు. బొటనవేలి రంగు గట్టిగా పట్టుకుని ఉంది. కత్తెర కొస కిందికి దూర్చి తోశాను. ప్రాణం జిల్లుమంది. రంగు వచ్చేసింది.

ఆషాఢం వచ్చేసరికి నా గోళ్లు ఉల్లిపొరల్లా అయ్యాయి. చీర కుచ్చిళ్లు పెట్టుకుంటే దారాలు తగులుకునేవి. తంబాకు తగిలితే ఒకటే మంట. అయినా పని ఆపలేదు. నా బాధల్లా అఖిల చూస్తే ఏమంటుందోననే. వద్దని చెప్పినా గీకానని దానికి తెలియకూడదు. ఆషాఢం కదా, ఇంటింటా గోరింటాకు నూరుతున్నారు. నేనూ నూరి గోళ్ల మీద టోపీల్లా పెట్టుకున్నాను. ఎవరికీ అనుమానం రాదని ఎంత సంబరపడ్డానో! పొరలు లేచిన గోరు ఆ రంగును తాగేసింది. బొటనవేలి గోరైతే ఎరుపు దాటి నల్లబడింది.

మంగళవారం అఖిల నా చేతులు చూసి మురిసిపోయింది. "ఎంత మంచిగ పండిందే అమ్మా! మరి జెల్ ఏమైంది?"

"అదే ఊడిపోయింది," అన్నాను.

"అదే ఊడుడేంది?" అని గోళ్ల మీద వేలు పెట్టబోయింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచిపోయాను. పాలు పొంగలేదు.

వారం తిరిగేసరికి బొటనవేలి గోరు కొస దగ్గర లేచింది. కింద నల్లటి మచ్చ. ఒక పక్క వాచి తడి కారుతోంది. వాసన కూడా వస్తోంది. ఆ వాసన నాకు కొత్త కాదు.

మా అమ్మది భిక్నూర్. ఆమెకు షుగర్ ఉండేది. ఒకసారి చెప్పు ఒరుసుకుని కాలి బొటనవేలి గోరు లేచింది. చూపించుకుందాం రమ్మంటే, "నొప్పే లేదు బిడ్డా, గోరుకు దవాఖానేంది?" అని నవ్వింది. నిజంగానే నొప్పి లేదు. షుగర్ ఆ వేలిలో స్పర్శను ఎప్పుడో తినేసిందని మాకు ఎవరు చెప్పాలి? నెలకు వేలు తీసేశారు. ఆ తర్వాత పాదం. ఏడాది తిరగకుండా అమ్మే పోయింది. తల్లికి ఉంటే పిల్లలకు వస్తుందట, పరీక్ష చేయించుకొమ్మని అప్పుడే ఆసుపత్రిలో నర్సు చెప్పింది. ఏడేళ్లయింది. ఒక్కసారి కూడా చేయించుకోలేదు. కాగితం మీద ఏం రాసొస్తుందోనని భయం.

ఇక ఆ రోజు నుంచి ఒకటే లెక్క. తాగిన గ్లాసులు లెక్క పెట్టుకునేదాన్ని. నోరెండితే షుగరే అనుకునేదాన్ని. పనిచేస్తూ చేస్తూ ఆగి, వేలును గట్టిగా గిల్లి చూసుకునేదాన్ని. నొప్పి పుడితే కాస్త ఊపిరి ఆడేది. పుట్టిన నొప్పి నిన్నటికంటే తక్కువగా ఉందేమోనని మళ్లీ గిల్లేదాన్ని. బొటనవేలు లేని చేతిని ఊహించుకునేదాన్ని. చాట ఒళ్లో పెట్టుకుని, నాలుగు వేళ్లతో ఉత్తగా కూర్చున్నట్టు. వేలికి పాత గుడ్డ పేలిక చుట్టి, తునికాకు అంచు కోసుకుందని అందరికీ చెప్పాను.

శ్రావణంలో గుట్టు బయటపడింది. వేలికి గోరుచుట్టు లేచిందనుకుని అత్తమ్మ నిమ్మకాయను తొలిచి తెచ్చింది. వద్దు వద్దంటున్నా పేలిక లాగేసి, నిమ్మకాయను వేలికి తొడిగింది. నేను పెట్టిన కేకకు పక్కింటివాళ్లు కూడా వచ్చారు. మా ఆయన పరుగెత్తుకొచ్చి వేలు చూశాడు. ముఖం పాలిపోయింది.

"ఇదేంది సుజాతా? ఇది ఆకు కోసుకున్నది గాదు."

"అఖిల పెట్టిన రంగు..." అన్నాను, అంతే. ఆయన మిగతా మాట కోసం ఆగలేదు. ఫోను తీసి బిడ్డ మీద విరుచుకుపడ్డాడు.

"నీ పార్లర్ పాడుగాను! మీ అమ్మ వేలు కుళ్లుతుంది. నీకు ప్రయోగం చేసెతందుకు మీ అమ్మనే దొరికిందా?"

అవతల అఖిల ఏమందో వినపడలేదు. నేను చెప్పి ఉండొచ్చు. థిన్నర్ సీసా అక్కడే, ఆయన కాళ్ల దగ్గరే ఉంది. చెప్పలేదు. వేలు పోతుందన్న భయంలో సిగ్గు కూడా కలిసి నా నోరు కుట్టేసింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

రెండు రోజుల తర్వాత అఖిల నన్ను కామారెడ్డిలో చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆసుపత్రి బెంచీ మీద నా పక్కన మహారాష్ట్ర సరిహద్దులోని డోంగ్లి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుంది. ఆమె భర్త పాదానికి పెద్ద కట్టు. వద్దనుకుంటూనే నా కళ్లు ఆ కట్టు మీదికే పోతున్నాయి. వేళ్లు ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టాలనిపించింది. నేను నీళ్ల సీసా మూత తిప్పలేక అవస్థ పడుతుంటే ఆమే తీసుకుని తిప్పిచ్చింది. "ఘాబరూ నకో బాయీ, భయపడకు, డాక్టర్ మంచిది ఉన్నది," అంది సగం మరాఠీలో, సగం మన మాటలో. నా మోచేయి మీద చేయి వేసి, నన్ను పిలిచేదాకా తీయలేదు. ఆమె పేరు కూడా అడగలేదు నేను.

డాక్టరమ్మ లైటు పెట్టి చూసింది. "రంగు దేనితో తీశారమ్మా?"

అఖిల నా పక్కనే నిలబడి ఉంది. "అదే ఊడింది," అన్నాను.

"షుగర్ ఉందా?"

"లేదు. మొన్ననే చూపించుకున్న."

ఒకే గదిలో, ఒకే కుర్చీలో కూర్చొని రెండు అబద్ధాలు. ఆమె పూతమందు, చుక్కల మందు రాసిచ్చింది. లేచిన గోరును వారం వారం కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ ఉండాలని, లేకపోతే దాని కింద తడి చేరి కుళ్లుతుందని చెప్పింది. "మీ అమ్మాయి పార్లర్‌లోనే పని చేస్తుందన్నారుగా, తనే చేస్తుంది," అంది.

"నేను చెయ్య మేడం. నాతోని కాదు," అంది అఖిల. చేతులు వెనక్కి పెట్టుకుంది.

ఆ వారం మా ఆయన కత్తిరించాడు. గోడలకు రంగులేసే చేయి, పాపం ఆయన తప్పేం లేదు, లోతుగా తగిలి రక్తం వచ్చింది. పది రోజులకు వేలు రెట్టింపైంది. పూతమందు రాసే కొద్దీ మంటే తప్ప తగ్గడం లేదు. అఖిల పార్లర్‌లో పనికి పోతోంది గానీ, గోళ్ల పని వస్తే పక్కపిల్లకు ఇచ్చేస్తోందని దాని స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. విని కూడా ఊరుకున్నాను.

మళ్లీ కామారెడ్డి పోయాం. ఈసారి డాక్టరమ్మ ముఖంలో నవ్వు లేదు. భూతద్దంతో చాలాసేపు చూసింది.

"గోరు కింద ఈ నలుపు ఎప్పటి నుంచి ఉంది? ఇట్లాంటి నలుపు కొన్నిసార్లు మంచిది కాదు. ఎందుకొచ్చిందో తెలియకపోతే చిన్న ముక్క తీసి హైదరాబాద్ పరీక్షకు పంపాలి. మీరు నాకు ఏదో చెప్పడం లేదమ్మా. చెప్పకపోతే నేను చీకట్లో వైద్యం చేస్తున్నట్టే."

ముక్క తీయడం అనగానే అమ్మ కాలు గుర్తొచ్చింది. ఆమెకూ మొదట ఒక్క వేలే తీశారు. అఖిల వైపు చూశాను. చిక్కి సగమైంది. కళ్ల కింద నల్లటి చారలు. ఇక ఆగలేకపోయాను.

"గోరింటాకు డాక్టరమ్మా. అది గోరింటాకు నలుపు. థిన్నర్ల ముంచిన. మా ఆయన రంగులకు వాడే థిన్నర్. కత్తెరతోని గీకిన. ఎవలకు తెల్వద్దని గోరింటాకు పెట్టుకున్న. బిడ్డ తప్పేం లేదు, అది నన్ను గీకొద్దనే చెప్పింది. షుగర్ కూడ చూపించుకోలే. మా అమ్మ షుగర్‌తోనే పోయింది. నా వేలు పోతదా? నిజం చెప్పుండ్రి."

అఖిల తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మందు చీటీ కొట్టేసి కొత్తది రాసింది, రక్తం తీయించింది. ఆ కాగితం వచ్చేదాకా బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. బయట చెట్టు కింద అఖిల అటు తిరిగి నిలబడి ఉంది. వెళ్లి పిలిచే ధైర్యం లేదు.

షుగర్ ఉంది.

"మొదట్లోనే దొరికింది," అంది డాక్టరమ్మ. "వేలు పోదు. గోరు మళ్లీ రావడానికి ఆరు నెలలు పడుతుంది. ఇంకో నెల దాచిపెట్టి ఉంటే మాత్రం ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు." నా వేలి కొస నొక్కి "నొప్పిగా ఉందా?" అని అడిగింది. ప్రాణం పోయేంత ఉందన్నాను. "ఉండనీ. అది ఉన్నంతకాలం భయం లేదు," అంది.

బస్సులో అఖిల నా పక్కన కూర్చోలేదు. వెనక సీటులో కూర్చుంది. తాడ్వాయి దాటాక, నా వెనక నుంచే, మెల్లగా అంది. "ఎవ్వల చెయ్యి ముట్టుకున్నా నా చేతులు వణుకుతున్నయి అమ్మా. నావల్లనే నీ వేలు పోతదని ఇరవై రోజుల సంది అన్నం పోతలేదు. నువ్వు సూస్కుంటనే ఉన్నవ్."

"భయమైంది బిడ్డా," అన్నాను. ఎల్లారెడ్డి దాకా ఇద్దరం కిటికీలోంచే చూశాం.

వచ్చే మంగళవారం అది రాదేమో అనుకున్నాను. వచ్చింది. చిన్న కత్తెర వేడినీళ్లలో మరిగించి, శుభ్రమైన గుడ్డ పరిచి కూర్చుంది. అత్తమ్మ ఏమైనా అంటుందేమోనని చూశాను. ఆమె కొంగు దులుపుకుని, "నేను మైసమ్మ గుడికాడికి వోయొస్త. నేను సూడంగైతె వద్దు," అని బయటికి నడిచింది. ఆ తర్వాత ఆరు నెలలూ మంగళవారం వస్తే ఆమె గుడికే పోయింది.

అఖిల నా వేలు పట్టుకుంది. కత్తెర వణుకుతోంది. మా ఆయన చేతిలో రక్తం కారిన రోజు కళ్ల ముందే ఉంది.

"జరంత తప్పినా లోపలికి పోతదమ్మా," అంది.

"పోతె పోనీ. నేను చేసుకున్నదానికంటె ఎక్కువ నువ్వేం చేస్తవ్? కొయ్యి," అన్నాను.

కళ్లు మూసుకున్నాను. చిన్న చప్పుడు అయింది. నొప్పి లేదు. కళ్లు తెరిచి చూస్తే లేచిన గోటి ముక్క గుడ్డ మీద ఉంది, అఖిల ఏడుస్తోంది. ఏడుస్తూనే రెండోసారి కత్తిరించింది. మూడోసారికి దాని చేయి కుదురుకుంది.

ఆ తర్వాతి నెలలను ఏమని రాయను? బతుకమ్మకు గోరు ఆవగింజంత వచ్చింది. దీపావళికి సగం. మధ్యలో ఒకసారి పచ్చబడి మళ్లీ భయపెట్టింది. తంబాకు తగలకుండా చాలా రోజులు పని మానేశాను. ఇప్పుడు, ఈ వయసులో, ఇనుప ముక్కతో బీడీ నోరు మూయడం నేర్చుకుంటున్నాను. చిన్నపిల్లలు కూడా నన్ను చూసి నవ్వుతున్నారు. షుగర్ మాత్ర పొద్దునే వేసుకుంటాను. సంగతంతా చెప్పాక మా ఆయన థిన్నర్ సీసాను పైన అటక మీద పెట్టేశాడు. అఖిలతో ఆయన క్షమించమనలేదు గానీ, దాని హాస్టల్‌కు జామపండ్లు పట్టుకుని రెండుసార్లు పోయొచ్చాడు.

చదివేవాళ్లకు చెప్పేది ఒకటే. ఆ రంగు దానంతట అది పోదు, పీకితే అది ఒక్కటే రాదు. వేసినవాళ్లతోనే తీయించుకోండి, మంగళవారమైనా సరే. తప్పు చేస్తే ఏం చేశారో డాక్టర్‌కు చెప్పండి. మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే, నాలాగా ఏడేళ్లు కళ్లు మూసుకుని కూర్చోకండి.

భయం పోయిందా అంటే పోలేదు. శివరాత్రి ముందు మంగళవారం నా గోరు వేలి కొసకు వచ్చింది. కత్తిరించడానికి ఇక ఏమీ లేదు. అఖిల కత్తెర సంచిలో పెట్టేసింది. కానీ లేవలేదు. నా బొటనవేలి కొసను మెల్లగా నొక్కి "తెలుస్తుందా?" అని అడిగింది. తెలుస్తుందన్నాను. పక్క వేలు నొక్కింది. "ఇది?" తెలుస్తుందన్నాను. అట్లా పది వేళ్లూ, ఒక్కొక్కటే, అడిగి అడిగి నొక్కింది. అయిపోయిందనుకుని చేతులు వెనక్కి తీసుకోబోయాను.

అది కిందికి జరిగి నా కాళ్ల దగ్గర కూర్చుంది.

"చాపు," అంది.

చాపాను.